తేగల పాతర: పూర్వీకుల తిండి మీద ఒక ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 24

ఈ ఉదయం మా పెరటిలో, కొబ్బరిచెట్ల వరుసకు దక్షిణాన ఉన్న ఇసుక మెరక మీద, 120 తాటి టెంకలతో పాతర వేశాము. తొమ్మిదో తరగతి పిల్లలు పదకొండు మంది వచ్చారు. వారం రోజులుగా ఊళ్లో తాటిపండ్ల గుజ్జు తీసుకున్న ఇళ్లన్నీ తిరిగి టెంకలు పోగుచేసింది వాళ్లే. మట్టిని మోకాలెత్తున గుల్లగా పోసి, టెంకలను ఒకదాని పక్కన ఒకటి పరిచి, పైన జానెడు మట్టి కప్పి, తాటాకులు వేశాము. మొలక కిందికి దిగుతుంది కాబట్టి కింద మట్టి ఎంత గుల్లగా ఉంటే తేగ అంత నిటారుగా, లావుగా ఊరుతుందని మా మేనత్త దగ్గరుండి చెప్పింది.

ఈ ప్రాజెక్టుకు కారణం మా ఇంట్లోనే ఉంది. మధుమేహంతో బాధపడుతున్న మా నాన్నగారికి, వేసవిలో చూడవచ్చిన బంధువు ఒకాయన, ఆదిమానవుడు అన్నం తినలేదనీ, పప్పు తినలేదనీ, పెరుగు ఎరుగడనీ, కాబట్టి ఆ మూడూ మానేసి మాంసం మీద ఉండమనీ సలహా ఇచ్చి వెళ్లారు. నాన్నగారు రెండు వారాలు అలాగే ఉండి నీరసపడ్డారు. జీవశాస్త్రం బోధించే నేను ఆ సలహాకు అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబును పుస్తకాలలో చదివి ఊరుకోకుండా, చేతులతో చేసి తెలుసుకోవాలన్నదే నా కోరిక.

పిల్లలకు మొదటే ఒక సంగతి చెప్పాను. మనం నిలబడిన ఈ డెల్టా నేల ఇప్పటి రూపానికి వచ్చింది సముద్రమట్టం నిలకడపడిన తరువాత, అంటే గత ఆరేడు వేల సంవత్సరాలలోనే. రాతి పనిముట్ల కాలపు మనిషి ఆనవాళ్లు ఇక్కడ తవ్వితే దొరకవు. వాటి కోసం కర్నూలు ప్రాంతంలోని జ్వాలాపురం వంటి చోట్లకు వెళ్లాలి. అక్కడ సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం 74,000 సంవత్సరాల కిందట వెదజల్లిన బూడిద పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. కోనసీమలో మనకున్నవి ఆ కాలపు ఎముకలు కావు, ఆ కాలపు పనులకు దగ్గరగా ఉండే పనులు: తవ్వడం, దంచడం, కాల్చడం, నానబెట్టడం, పులియబెట్టడం. మా ప్రాజెక్టు ఈ పనుల మీదనే నడుస్తుంది.

సెప్టెంబరు 7

బడిలో ప్రయోగం. రెండు గాజు గొట్టాలలో ఒకదానిలో పచ్చి బియ్యప్పిండి కలిపిన నీళ్లు, రెండోదానిలో అదే పిండిని కాచి చల్లార్చిన గంజి పోశాము. రెండింటిలోనూ చెంచాడు చొప్పున లాలాజలం వేసి, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెట్టి, రెండు నిమిషాలకు ఒకసారి ఒక్కో చుక్క తీసి తెల్ల పింగాణీ పళ్లెంలో అయోడిన్‌తో కలిపాము. పిండిపదార్థం ఉన్నంతసేపూ అయోడిన్ నల్లనేరేడు రంగు చూపిస్తుంది. కాచిన గంజి చుక్కలు వరుసగా నేరేడు నుంచి ఊదాకు, ఊదా నుంచి ఎర్రమట్టి రంగుకు దిగి, పదో నిమిషానికి అయోడిన్ సొంత పసుపు రంగులో నిలిచాయి. పచ్చిపిండి చుక్కలు మాత్రం అరగంట గడిచినా నల్లగానే ఉన్నాయి.

ఒక పిల్ల ఆ పళ్లెం వైపు చాలాసేపు చూసి, "అయితే వండటం అంటే సగం అరిగించి పెట్టడమాండి?" అని అడిగింది. హార్వర్డ్ మానవశాస్త్రవేత్త రిచర్డ్ రాంగమ్ చెప్పే సిద్ధాంతానికి ఆ ప్రశ్న చాలా దగ్గరిది. శరీరపు బరువులో 2 శాతం మాత్రమే ఉండి, విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా శక్తిలో దాదాపు 20 శాతం ఖర్చు చేసే మెదడును పోషించగలగడానికి, వండిన తిండి నుంచి తక్కువ శ్రమతో ఎక్కువ శక్తి రావడమే కారణమని ఆయన వాదిస్తారు. నిప్పు అలవాటు ఎప్పుడు మొదలైందన్న దానిపై పరిశోధకులలో ఏకాభిప్రాయం లేదు. దక్షిణాఫ్రికాలోని వండర్‌వర్క్ గుహలో మాత్రం సుమారు 10 లక్షల సంవత్సరాల నాటి నిప్పు ఆనవాళ్లు బయటపడ్డాయి.

లాలాజలంలో పిండిని విడగొట్టే అమైలేజ్‌కు సంబంధించిన జన్యువు చింపాంజీలో రెండు ప్రతులే ఉంటుంది. మనుషులలో ఆ ప్రతుల సంఖ్య మనిషికీ మనిషికీ మారుతూ, సాధారణంగా అంతకంటే ఎక్కువగా ఉంటుంది. పిండిపదార్థం ఎక్కువగా తినే జనాలలో ఈ సంఖ్య సగటున ఎక్కువని 2007లో జార్జ్ పెర్రీ బృందం చూపించింది. ఆ జన్యువు రెట్టింపు కావడం వ్యవసాయానికి ఎంతో ముందే, బహుశా 8 లక్షల సంవత్సరాలకు పూర్వమే మొదలైందని 2024లో వచ్చిన మరొక అధ్యయనం అంచనా వేసింది. వరి, గోధుమ నాటింది నిన్న మొన్న అయినా, పిండితో మన ఒంటికి ఉన్న పరిచయం చాలా పాతది. మా బంధువుకు చెప్పవలసిన జవాబులో మొదటి భాగం నాకు ఈ పళ్లెంలో దొరికింది.

సెప్టెంబరు 28

మా అటక మీది రోకళ్లు రెండూ దింపి, రోలు కడిగి, మూడు కిలోల ధాన్యం దంచాము. వడ్లు స్వర్ణ రకానివి. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన ఈ ఎం.టి.యు. 7029 రకం మన డెల్టాను దాటి తూర్పు భారతమంతా పాకింది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరి రోకలి లేస్తుండగా మరొకరిది పడేలా, తడబడకుండా లయ పట్టుకుంటేనే పని సాగుతుంది. పిల్లలకు ఆ లయ కుదరడానికి పావుగంట పట్టింది. మూడో దఫాకు ఊక నుసి చెమట పట్టిన ముంజేతులకు అంటుకుని దురద మొదలైంది. మేనత్త చేట అందుకుని చెరుగుతుంటే ఊక ముందుకు ఎగిరిపోయి, బియ్యం వెనక్కి చేరి, నూకలు మూలకు జారిపోవడం చూసి ఇది కూడా ఒక యంత్రమే కదా అనిపించింది. గంటన్నర తరువాత తూకం వేస్తే బియ్యం కిలో తొమ్మిది వందల గ్రాములు, నూకలు మూడు వందలు వచ్చాయి. మిగిలినది ఊక, తవుడు, నేలపాలైనది.

దంచిన ఆ గింజ పొట్ట పక్కన ఎర్రటి పొర చారలుచారలుగా మిగిలి ఉంది, కొసన మొలక మొన కూడా చాలా గింజలకు ఊడకుండా ఉంది. భూతద్దం కింద మిల్లు బియ్యాన్ని పక్కన పెట్టి చూస్తే, ఆ మొన ఉండవలసిన చోట చిన్న గుంట మాత్రమే కనబడింది.

ఆ గుంట కారణంగా మన ప్రాంతం ఒకప్పుడు చాలా నష్టపోయింది. ఈ సంగతి ఇక్కడి పాఠ్యపుస్తకాలలో కనబడనందుకు నాకు బాధగా ఉంటుంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. 1847 నుంచి 1852 వరకు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన తరువాత కాలువ నీరు పారినంత మేరా వరి పరుచుకుంది. తరువాత ఆవిరి మిల్లులు, నూనె ఇంజన్ల మిల్లులు వచ్చి ఆ వరిని తెల్లగా మరపట్టడం మొదలుపెట్టాయి. తమిళ జిల్లాలలో వడ్లను ముందు ఉడకబెట్టి ఆరబెట్టే ఉప్పుడు బియ్యం వాడుకలో ఉండేది. ఉడికేటప్పుడు తవుడులోని థయమిన్ (బి1 విటమిన్) కొంత గింజ లోపలికి ఇంకిపోతుంది, తరువాత పాలిష్ పట్టినా అంతా పోదు. మన సర్కారు జిల్లాలలో తినేది పచ్చి బియ్యం. తవుడు పోతే థయమిన్ కూడా పోయేది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో, భారతదేశంలో థయమిన్ లోపంతో వచ్చే బెరిబెరి వ్యాధి ముఖ్యంగా కనబడిన ప్రాంతం ఈ ఉత్తర సర్కారుల తీరమే. కాళ్లు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె దెబ్బతినే ఆ వ్యాధి మీద పరిశోధన కోసం 1918లో నీలగిరి కొండలలోని కూనూరులో ఒక చిన్న విభాగాన్ని వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించారు. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

అన్నం తినడం వల్ల ఆ వ్యాధి రాలేదు. ఇదే వరిని రోట్లో దంచి తిన్న వారికి తవుడు కొంత కంచంలోకి వచ్చేది. గింజ మారలేదు, గింజకూ నోటికీ మధ్య జరిగే పని మారింది. నాన్నగారికి ఇది చదివి వినిపిస్తే, తన చిన్నతనంలో మా నాయనమ్మ తవుడులో బెల్లం కలిపి ఉండలు చేసి పెట్టేదని గుర్తుచేసుకున్నారు.

అక్టోబరు 20

నాలుగు రోజుల వానకు కాలువ గట్టు తెగి, పెరట్లోకి నీరు వచ్చి, పాతరలో ఒక పక్క మునిగింది. మెరకను ఇంకొక జానెడు ఎత్తు చేయమని మేనత్త ఆగస్టులోనే చెప్పినా నేను పట్టించుకోలేదు, తప్పు నాదే. మునిగిన వైపు నుంచి 46 టెంకలు బయటికి తీశాము. కుళ్లినవి పారేసి, మిగిలినవాటిని కత్తితో రెండుగా చీల్చాము. లోపల తెల్లగా, మెత్తగా, స్పంజిలా నిండి ఉన్న బుర్రగుంజును పిల్లలు తిని చేతులు నాకారు.

ఆ బుర్రగుంజులోనే ఆనాటి పాఠం కూడా ఉంది. టెంక గోడలకు అంటి ఉన్న గట్టి తెల్లని పదార్థాన్ని మొక్క నేరుగా వాడుకోలేదు. ఈ మెత్తని భాగం ఆ గట్టిదాన్ని కరిగించి, పీల్చి, తీపిగా మార్చి, కింద ఊరుతున్న తేగకు పంపుతుంది. మనిషి నిప్పుతో, రోకలితో చేసే పనిని విత్తనం తనకోసం తానే చేసుకుంటోంది. మొలకెత్తించి తినడం, నానబెట్టి తినడం అనే మన పద్ధతులు విత్తనపు ఈ గుణాన్ని కనిపెట్టి వాడుకున్నవే.

నవంబరు 16

నమిలే లెక్క. చిలగడదుంపను సమానమైన ముక్కలు కోసి, పచ్చివి, రోకటి దెబ్బ తగిలినవి, నిప్పుల మీద కాల్చినవి అని మూడు రకాలుగా ఒక్కొక్కరికి ఇచ్చి, మింగేలోపు ఎన్నిసార్లు నమిలారో పక్కవారితో లెక్కపెట్టించాను. పచ్చి ముక్కకు సగటున 38, దంచినదానికి 29, కాల్చినదానికి 12 వచ్చింది. పదకొండు మంది, ఒక్క మధ్యాహ్నం, అందులోనూ పోటీపడి తొందరగా మింగినవాళ్లు ఇద్దరు. కాబట్టి ఈ అంకెలు మా తరగతికి తప్ప మరెక్కడా పనికిరావు.

ఇదే విషయాన్ని శ్రద్ధగా కొలిచినవారు ఉన్నారు. 2016లో కేథరిన్ జింక్, డేనియల్ లీబర్‌మన్ మనుషులకు పచ్చి మేకమాంసమూ దుంపలూ ఇచ్చి, దవడ కండరాల శ్రమను నమోదు చేశారు. ఆహారంలో మూడో వంతు మాంసమై, దాన్ని రాతి పనిముట్లతో కోసి, దుంపలను దంచి తిన్నా చాలు, ఏడాదికి నమిలే లెక్కలో లక్షల సంఖ్యలో తగ్గుదల ఉంటుందని తేల్చారు. నిప్పు అలవడక ముందే, రాయి చేతికి రాగానే, మన పళ్లూ దవడలూ చిన్నవి కావడానికి దారి ఏర్పడిందన్నది వారి ఆలోచన. జ్ఞానదంతం చోటు చాలక అడ్డంగా మొలిచి బాధపెట్టడం నాకు స్వయంగా తెలుసు.

చిలగడదుంప పుట్టిల్లు అమెరికా ఖండమని, మన దేశానికి వచ్చి కొన్ని వందల ఏళ్లేనని చెప్పినప్పుడు పిల్లలు ఆశ్చర్యపోయారు. మిరప, టమాటా, బొప్పాయి, జామ కూడా అలా వచ్చినవే. శిలాయుగపు ఆహారం పేరుతో ఎవరు ఏ పళ్లెం అమర్చినా, అందులో శిలాయుగపు మనిషి గుర్తుపట్టగలిగేవి చాలా తక్కువగా ఉంటాయి. ఈ ఆలోచనకు పేరు తెచ్చిన 1985 నాటి వ్యాసంలో బాయిడ్ ఈటన్, మెల్విన్ కోనర్ కూడా తమ లెక్కకు ఆధారంగా తీసుకున్నది 35 శాతం మాంసం, 65 శాతం మొక్కల ఆహారం. ఆ 65 శాతం ప్రచారంలో ఎక్కడ జారిపోయిందో మా బంధువు తెలుసుకోవాలి.

జనవరి 5

పాతర తీశాము. 61 తేగలు దక్కాయి. కొన్ని బొటనవేలంత లావు ఉన్నాయి, కొన్ని సన్నగా మెలితిరిగాయి. వరద తగిలిన అంచున ఊరినవి పొట్టిగా ఉండిపోయాయి. పొర ఒలిచి చూస్తే లోపల లేత పసుపు గంధపు రంగు.

మేనత్త తంపటి వేసి చూపించింది. కుండలో తేగలను నిలువుగా కుదించి, మూతికి ఎండుగడ్డి కుక్కి, నేల మీద బోర్లించి, చుట్టూ కొబ్బరి మట్టలూ తాటాకులూ పేర్చి నిప్పు పెట్టాలి. కుండ లోపలి తడితోనే తేగ ఉడుకుతూ కాలుతుంది. మొదటి కుండ చక్కగా వచ్చింది. రెండో కుండకు నేనే నిప్పు పెట్టాను. సముద్రం వైపు గాలి తిరిగి మంటంతా ఒక పక్కకు చేరింది, కుండ నెర్రె ఇచ్చింది, తీసేసరికి పన్నెండు తేగలు బొగ్గయ్యాయి. "గాలివాటం చూసుకోవాలి కదరా నాన్నా, మీ తాత అయితే ముందు పిడికెడు ఇసుక ఎగరేసి చూసేవాడు" అంది మేనత్త.

"మాడినయ్యి పారేసెయ్యమంటారాండి?" అని ఒక కుర్రవాడు అడిగాడు. పారేయబోయి ఆగిపోయాను. నాలుగు నెలల మా పనిలో అతి విలువైన వస్తువు అదేనని అప్పుడు తోచింది.

ఒకదాన్ని బ్లేడుతో అడ్డంగా కోశాము. పూర్తిగా నల్లబడినా ఆకారం చెడలేదు. పీచుల చుక్కలు వరుసలుగా కనబడుతున్నాయి, మధ్యలో తేగకే ప్రత్యేకమైన చందమామ ఆకు మడత కూడా ముద్ర వేసినట్లు ఉంది. ఎప్పుడూ తేగ తిన్నవారెవరైనా దీన్ని చూసి తేగ అని చెప్పగలరు. దక్షిణాఫ్రికా సరిహద్దులోని బోర్డర్ గుహలో లిన్ వాడ్లీ బృందం బూడిద పొరలలో గుర్తుపట్టిన దుంపలూ ఇలాంటివే. 170,000 సంవత్సరాల కిందట ఎవరో తవ్వి, గుహకు మోసుకొచ్చి, నిప్పుల్లో పెట్టి, తినకుండా బూడిదలో వదిలేసిన హైపాక్సిస్ అనే అడవి మొక్క దుంపలు బొగ్గయి నిలిచాయి. 2020లో వాటి లోపలి పీచు అమరికను బట్టి మొక్కను పోల్చగలిగారు. చక్కగా కాలి, తినబడిన దుంపలన్నీ ఆనవాలు లేకుండా పోయాయి.

రాయి మిగులుతుంది, ఎముక మిగులుతుంది, ఎముక మీద కత్తి గాటు కూడా మిగులుతుంది. దుంప, ఆకు, కాయ, తేనె కుళ్లిపోతాయి. మన పూర్వీకుడు ప్రధానంగా మాంసాహారి అన్న బొమ్మ అంత గట్టిగా నాటుకుపోవడానికి ఈ అసమానత ఒక పెద్ద కారణం. మాంసం వారి జీవితంలో ముఖ్యమైనదే, దాన్ని నేను తక్కువ చేయను. అయితే కొత్త పద్ధతులతో వెతికిన చోటల్లా మొక్కలు కూడా బయటపడుతున్నాయి. ఇరాక్‌లోని షానిదార్ గుహలో సుమారు 70,000 సంవత్సరాల నాటి నియాండర్తల్ మనుషులు పప్పుగింజలను నానబెట్టి, దంచి వండుకున్న మాడు ముక్కలు దొరికాయి. గెలీలీ సరస్సు ఒడ్డున ఒహాలో అనే చోట 23,000 ఏళ్ల కిందటే అడవి ధాన్యాన్ని రాతి మీద నూరారు. వ్యవసాయం పుట్టడానికి 4,000 సంవత్సరాల ముందే జోర్డాన్‌లోని షుబైకాలో రొట్టె కాల్చారు. చేపల మాటకు వస్తే, ఇజ్రాయెల్‌లోని గెషర్ బెనోత్ యాకోవ్ దగ్గర 780,000 సంవత్సరాల కిందట మంట సెగ తగిలిన చేపపళ్లు దొరికాయి; అవి మన బొచ్చె, శీలావతి వంశానికి చెందిన చేపలవి.

ఆ సాయంత్రం మంచి తేగలను అందరం పంచుకుని, పొర ఒలిచి, పీచు ఉమ్ముతూ తిన్నాము. ఒక తేగ పూర్తిచేయడానికి నాకు పన్నెండు నిమిషాలు పట్టింది.

జనవరి 18

నాన్నగారి కంచం గురించి. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) వారి ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, కాబట్టి ఇది మా ఇంటి సంగతి మాత్రమే కాదు. డాక్టరుగారితో మాట్లాడి, మందులేవీ మార్చకుండా, నెల రోజులుగా ఒక పద్ధతి పాటిస్తున్నాము. అన్నం ఉంది, కాని కొలత గిన్నెతో, తవుడు పూర్తిగా పోని బియ్యంతో. అన్నం తగ్గిన చోటు ఉలవచారు, పెసరపప్పు, పొన్నగంటి కూర, తోటకూర, వారానికి మూడుసార్లు చేప నింపుతున్నాయి. ఉలవలు, పెసలు దక్షిణ భారతపు నవీన శిలాయుగ రైతులు సుమారు నాలుగైదు వేల సంవత్సరాల కిందట పండించుకున్నవే, అండుకొర్రలతో పాటు వాటి గింజలు ఆనాటి నివాసాలలో మాడి దొరికాయి. పెరుగు మానలేదు. పెద్దయ్యాక పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి మన దేశంలో వాయవ్యాన ఎక్కువ, దక్షిణాన, తూర్పున తక్కువ. తోడుపెట్టడంలో ఆ చక్కెర కొంత తరిగిపోతుంది కాబట్టి, పాలు పడని వారికి కూడా పెరుగు చాలావరకు పడుతుంది. తేగలో కూడా పిండిపదార్థమే ఉంది. అందువల్ల తేగ తిన్న పూట గిన్నెలో అన్నం తగ్గిస్తున్నాము, పాతకాలపు తిండి అనే పేరుకు మినహాయింపు ఇవ్వలేదు.

మా బంధువుకు ఉత్తరం రాశాను. పిండిపదార్థం మన ఒంటికి కొత్తది కాదనీ, తవ్వకుండా, దంచకుండా, నమలకుండా, నడవకుండా రోజుకు మూడు పూటలా దొరికే పిండి మాత్రం కొత్తదనీ రాసి, దానితో పాటు బ్లేడుతో కోసిన మాడు తేగ ముక్క ఫొటో ఒకటి పంపాను.

జనవరి 25

ప్రాజెక్టులో మిగిలిన చివరి పని ఈ రోజు చేశాము. పాతర తీసిన గోతిలోనే, మూరెడు లోతున, నాలుగు మూలలా నాలుగు వస్తువులు పెట్టాము: మాడిన తేగలు మూడు, ఉడికిన తేగలు మూడు, శీలావతి ముల్లు, పిడికెడు గుల్లలు. ఒక్కొక్కదాని పక్కన నెంబరు గీసిన పెంకు ముక్క ఉంచి, మట్టి కప్పి, మీద కొబ్బరి దుంగతో గుర్తు పెట్టాము. వరి ఊడ్పులు, వరద, మళ్లీ తాటిపండ్ల కాలం గడిచాక, వచ్చే ఆగస్టు 24న తవ్వి, ఈ తడి నేల దేన్ని ఉంచిందో, దేన్ని తీసుకుందో చూస్తాము. అప్పటికి పదో తరగతికి వెళ్లిపోయే పిల్లలు ఆ రోజు తమను తప్పకుండా పిలవాలని నా చేత డైరీలో రాయించారు.